పిల్లలతో హైదరాబాద్‌లో గడియారాల యాత్ర: ఒక్క రోజులో ఎలా చేయాలి

"సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మను చూడాలంటే ఎన్నింటికి వెళ్లాలి?" దసరా సెలవుల ముందు ఒకసారి, ఎండాకాలం సెలవుల ముందు ఇంకోసారి ఈ ప్రశ్న నాకు తప్పకుండా వస్తుంది. మా అమ్మాయితో చేసిన గడియారాల తిరుగుడు గురించి నలుగురికీ చెప్పుకున్న ఫలితం ఇది. జవాబు ఒక్క ముక్కలో కావాలంటే, 11:40కల్లా గడియారం ముందు కూర్చుని ఉండాలి. కానీ దానికోసమే పిల్లల్ని ఊరు దాటించి తీసుకెళ్లి, గంట వినిపించి, ఇంటికి తెచ్చేయడం దండగ. అదే రోజు ఇంకో నాలుగు గడియారాలు చూసి రావచ్చు. ముందు వారం ఇంట్లో రెండు చిన్న పనులు చేసి వెళ్తే, చూసినవి పిల్లల బుర్రలో నిలుస్తాయి కూడా.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రోజంతా మధ్యాహ్నం 12 చుట్టూ అల్లుకోవాలి. మిగతావన్నీ ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు, అది మాత్రం జరగదు.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఆరేళ్ల లోపు వాళ్లయితే సాలార్‌జంగ్, చార్మినార్ చూపించి ఐస్‌క్రీమ్ తినిపించి తీసుకురండి, చాలు.

కావలసినవి

- కీ ఇచ్చే పాత చేతి వాచీ ఒకటి. తాతయ్యదో పెదనాన్నదో హెచ్‌ఎమ్‌టీ ఏదో ఒక బీరువాలో పడి ఉంటుంది, అడగండి. మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ జపాన్ సీకోతో కలిసి చేసిన వాచీలు కూడా కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటిలో సెల్లుతో నడిచేవీ ఉంటాయి కాబట్టి చూసి తీసుకోండి.
- చిన్న నోటుబుక్కు, పెన్సిలు. ఇవి మీ సంచీలో కాదు, పిల్లల చేతిలో ఉండాలి.
- నీడ కొలవడానికి గట్టి అట్ట, జానెడు పుల్ల, దారం.
- గడియ గిన్నె (నీళ్లతో కాలం కొలిచే గిన్నె) కోసం పెరుగు వచ్చే ప్లాస్టిక్ డబ్బా, సూది, నాలుగైదు రూపాయి బిళ్లలు, బకెట్ నీళ్లు.
- భూతద్దం, టోపీలు, తాగడానికి నీళ్లు.

ఎలా చేయాలి

1. రోజు ఎంచుకోండి. శుక్రవారం వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కి శుక్రవారమే సెలవు. మక్కా మసీదు నమాజు వల్ల చార్మినార్ చుట్టూ ఆ మధ్యాహ్నం కిటకిటలాడుతుంది కూడా. మేము మొదటిసారి వెళ్లింది శుక్రవారమే. మూసిన గేటు ముందు నిలబడి, తప్పు నాదేనని తొమ్మిదేళ్ల పిల్లతో ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆదివారం తెరిచే ఉంటుంది కానీ గంట కొట్టే వేళకు మీకు కనబడేది ముందువాళ్ల వీపులే. బడికి సెలవుండి, ఆఫీసులు నడిచే రోజు దొరికితే అంతకన్నా మంచిది లేదు. బయల్దేరే ముందు సమయాలు ఒకసారి ఫోన్లో చూసుకోండి. పండగలకు మారుతుంటాయి.

2. ముందు ఆదివారం మేడ మీద నీడ కొలవండి. అట్ట మధ్యలో పుల్లని నిటారుగా నిలబెట్టండి. ఉదయం పదిన్నరకి నీడ కొస దగ్గర చుక్క పెట్టి, టైమ్ రాయండి. దారాన్ని పుల్ల మొదట్లో పట్టుకుని, ఆ చుక్క దాకా కొలిచి, అంతే దూరంతో ఒక వంపు గీత గీయండి. మధ్యాహ్నానికి నీడ కుంచించుకుని గీత లోపలికి వెళ్లిపోతుంది. మళ్లీ పెరిగి గీతని ఎప్పుడు తాకుతుందో ఆ టైమ్ రాయండి. రెండు టైములకూ సరిగ్గా మధ్యలో ఉన్నదే సూర్యుడి లెక్కన మధ్యాహ్నం.

మేము డిసెంబరు సెలవుల్లో చేశాం. పొద్దున 10:30, మధ్యాహ్నం 2:00. మధ్యది 12:15. "గడియారం తప్పా, సూర్యుడు తప్పా నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. ఆ ప్రశ్న కోసమే ఈ పని చేయమంటున్నాను. రెండూ తప్పు కాదు. మనందరి గడియారాలు 82 1/2 డిగ్రీల తూర్పు రేఖాంశం టైమ్ చూపిస్తాయి. ఆ గీత కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమట ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు మన నడినెత్తికి 16 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. విజయవాడలో చేస్తే సగటున 12:07 వస్తుంది, తిరుపతిలో 12:12. విశాఖలో అయితే 12 కన్నా మూడు నిమిషాలు ముందే.

సగటున అని ఎందుకన్నానంటే, ఏడాది పొడవునా ఇది అటూ ఇటూ ఊగుతుంది. హైదరాబాద్‌లో ఫిబ్రవరి మధ్యలో చేస్తే 12:30 వస్తుంది, నవంబరు మొదట్లో దాదాపు సరిగ్గా 12. మీ లెక్క 12:16 రాలేదని కంగారుపడొద్దు. ముందు నెల చూసుకోండి.

ఎక్కువమంది చేసే పొరపాటు, "ఎప్పుడు నీడ అన్నిటికంటే చిన్నగా ఉందో చూద్దాం" అని పన్నెండుకు మేడ ఎక్కడం. ఆ వేళలో నీడ పొడవు పది నిమిషాలైనా మారినట్టే ఉండదు. ఏమీ తేలదు. పొద్దున ఒక గుర్తు, మధ్యాహ్నం ఒక గుర్తు, ఇదొక్కటే పద్ధతి. మధ్యలో అట్ట కదలకుండా నాలుగు వైపులా ఇటుక ముక్కలు పెట్టండి. మేడ లేనివాళ్లు మూడు నాలుగు గంటలు ఎండ పడే ఏ కిటికీ గట్టయినా వాడుకోవచ్చు. ఇంకో ముచ్చట: మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో హైదరాబాద్‌లో మధ్యాహ్నం నిటారు వస్తువుకి నీడే ఉండదు. సెలవులు కలిసొస్తే ఆ రోజు వదలకండి.

3. గడియ గిన్నె చేయించండి. మన పెద్దవాళ్లు రోజుని 60 గడియలుగా లెక్కపెట్టారు. గడియ అంటే 24 నిమిషాలు. గంటకి రెండున్నర గడియలు. అడుగున చిల్లు ఉన్న గిన్నెని నీళ్లమీద వదిలితే, అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ అయ్యేలా ఆ చిల్లును కొలిచి పెట్టేవారు. గడియారం అన్న మాట ఆ గడియలోంచి వచ్చిందే. పంచాంగంలో ఇప్పటికీ తిథి పక్కన గడియలు, విఘడియలు కనబడతాయి. పిల్లలకి ఆ పేజీ తీసి చూపించండి.

డబ్బా అడుగున మధ్యలో సూదితో ఒకే ఒక్క చిల్లు పెట్టండి. వేడి చేసిన సూదిని మీరే పట్టుకోవాలి, పిల్లలకి ఇవ్వొద్దు. లోపల బిళ్లలు వేసి బకెట్లో వదలండి, టైమ్ చూడండి. బిళ్లలు వేయకపోతే ఏమవుతుందంటే, చాలా రకాల ప్లాస్టిక్ నీటికన్నా తేలిక కాబట్టి డబ్బా నిండినా మునగదు. అలా మునగక గంటసేపు బకెట్ చుట్టూ కూర్చున్నామని నాకు ఫోన్ చేసినవాళ్లు ఇద్దరున్నారు. మరీ త్వరగా మునిగితే చిల్లు పెద్దదైనట్టు. కొవ్వొత్తి మైనంతో మూసి, ఇంకా సన్నగా మళ్లీ పెట్టండి. ఆలస్యమైతే సూదిని ఇంకాస్త తిప్పండి. నీళ్లు లోపలికి రావడమే లేదంటే వేలితో చిల్లుని తడిపి చూడండి. సరిగ్గా 24 నిమిషాలే రావాలని పట్టుబట్టకండి. మాది 21 దగ్గర ఆగింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఇంచుమించు ఒకే లెక్క వస్తోందా లేదా, అదే మీరు చూడాల్సింది.

4. తాతయ్య వాచీని తయారు చేయండి. వెళ్లే రోజు పొద్దున్నే పిల్లలతోనే కీ ఇప్పించండి. బిగుసుకున్నట్టు అనిపించగానే ఆపేయాలి. ఏళ్లుగా ఆగిపోయి ఉన్నదయితే బలవంతంగా తిప్పొద్దు, ముందు రిపేరు షాపులో చూపించండి. ముల్లుల్ని ఫోన్ టైమ్‌తో కలపండి, ఎన్నింటికి కలిపారో నోటుబుక్కులో రాయించండి. సాయంత్రం, మర్నాడు ఇది పనికొస్తుంది.

ఆ రోజంతా మీరు టైమ్ చెప్పకూడదు. "ఎంతయింది?" అని మీరే పిల్లల్ని అడగాలి. ఫోన్ మీ జేబు దాటి రాకూడదు. ఈ యాత్రలో ఇంతకన్నా పెద్ద చిట్కా నా దగ్గర లేదు.

5. పొద్దున సికింద్రాబాద్ క్లాక్ టవర్. ఎనిమిదిన్నరకి చేరితే ఇరవై నిమిషాలు చాలు. 120 అడుగుల ఎత్తు, 1897 ఫిబ్రవరి 1న ప్రారంభించారు. అందులోని గడియారాన్ని సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్ అనే వ్యాపారి ఇచ్చారు. ప్రతి ఇంట్లో గడియారం లేని కాలంలో ఊరందరికీ ఒక్కటే ఎందుకు కావలసి వచ్చిందో ఇక్కడ మాట్లాడుకోవచ్చు. అప్పటికింకా దేశమంతా ఒకే టైమ్ లేదు. అది 1906 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకుముందు రైళ్లు మద్రాసు టైమ్‌తో నడిచేవి. హైదరాబాద్ సూర్యుడికీ మద్రాసు టైమ్‌కీ ఏడు నిమిషాలు తేడా. మేడ మీద నీడ కొలిచిన పిల్లలకి ఇది చప్పున ఎక్కుతుంది. కొలవని పిల్లలకి ఎంత చెప్పినా ఎక్కదు.

ఇక్కడి నుంచి ప్రతి గడియారం దగ్గరా మూడు సంగతులు రాయించండి. ముల్లులు ఎంత చూపిస్తున్నాయి, చేతి వాచీలో ఎంత ఉంది, అంకెలు ఏ రకం. రోమన్ అంకెలైతే నాలుగుని చూడమనండి. బడిలో నేర్పేది ఐదు గుర్తుకి ముందు ఒక గీత. గడియారాల మీద చాలాసార్లు నాలుగు నిలువు గీతలే ఉంటాయి. ఎక్కడ ఏది ఉందో వెతికే పనిలో పడితే "ఇంకెంత దూరం" అనే గోల సగం తగ్గుతుంది. గడియారం ఆగిపోయి ఉంటే అది కూడా రాయించండి.

సమయం తక్కువుంటే వదిలేయాల్సిన మొదటి చోటు ఇదే.

6. పదికల్లా సాలార్‌జంగ్ మ్యూజియం. మ్యూజియం అంతా చూపించాలన్న ఆశ ఇంట్లో వదిలి రండి. 38 గదులు తిరిగిన పిల్లకి గంట కొట్టే వేళకు కాళ్లు లాగుతుంటాయి, చూసే ఓపిక ఉండదు. నేరుగా గడియారాల గదికి వెళ్లండి. సూర్య గడియారాల దగ్గర్నుంచి నిలువెత్తు లోలకం గడియారాల దాకా, పంజరం ఆకారంలో ఉన్నవి, పళ్ల చక్రాలన్నీ బయటికి కనబడేవి, భూతద్దం పెడితే తప్ప అందం తెలియని బుల్లి గడియారాలు కూడా ఉన్నాయి. ఫ్రాన్స్, ఇంగ్లండ్, హాలండ్, స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవి. అన్నీ చూడొద్దు. పిల్లల్ని మూడు ఎంచుకోమని, ఒక్కటి బొమ్మ వేయమనండి. చక్రాలు బయటికి కనబడేది ఎంచుకుంటే మీ అదృష్టం, ఏ చక్రం దేన్ని తిప్పుతోందో అక్కడే చూపించవచ్చు.

ఇవన్నీ పోగుచేసిన మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్, 1889లో పుట్టారు. ఈ సంవత్సరాన్ని నోటుబుక్కులో రాయించండి. మధ్యాహ్నం పనికొస్తుంది.

7. పన్నెండు గంటలు. 11:40కి లోపలి ఆవరణలో కూర్చోండి. ఇది కలకత్తాలో వ్యాపారం చేసిన కుక్ అండ్ కెల్వీ పేరుతో వచ్చిన గడియారం. గంటకి మూడు నిమిషాల ముందు గడ్డపు బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికి వచ్చి, గంట ఎంతయితే అన్నిసార్లు కొట్టి వెళ్లిపోతుంది. కమ్మరి బొమ్మ ఒకటి సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. వేచి ఉండే ఇరవై నిమిషాలకి అదే మీ ఆస్తి. "ఆ కమ్మరి దెబ్బలు అరవై లెక్కపెట్టి, మన వాచీలో నిమిషం అయిందో లేదో చూడు" అనండి.

మొదటిసారి లోపలికి వెళ్లగలిగిన రోజు మేము 11:58కి చేరాం. పన్నెండుకి కదా అనుకున్నాం. అప్పటికే బొమ్మ వచ్చేసింది, జనం లేచి నిలబడ్డారు. మా అమ్మాయికి చప్పుడు వినబడింది, బొమ్మ కనబడలేదు. ఒంటిగంట దాకా ఆగితే ఒక్క దెబ్బ. పన్నెండు దెబ్బలకీ ఒక్క దెబ్బకీ పిల్లల లెక్కలో చాలా తేడా ఉంటుందని ఆ రోజు తెలిసింది. కాబట్టి ఎలాగూ పన్నెండు అందదనుకుంటే 11 గంటలదే పట్టుకోండి, పదకొండు దెబ్బలూ తక్కువేం కాదు, జనమూ పలచగా ఉంటారు.

వీడియో తీయకండి. ఎత్తిన ఫోన్ల అడవిలో మీదొకటి కలుస్తుంది, అంతే. గంటలు అయిపోయాక బయటికొచ్చి మీ నీడలు చూసుకోండి. అక్టోబరు, నవంబరు తప్పిస్తే సూర్యుడి లెక్కన ఇంకా మధ్యాహ్నం కాలేదు. డిసెంబరులో వెళ్తే ఇంకో పావుగంట ఉంది.

8. భోజనం చేసి చార్మినార్. మ్యూజియం నుంచి మదీనా, పత్తర్‌గట్టి మీదుగా కిలోమీటరున్నర దూరం ఉంటుంది. ఎండ లేకపోతే నడక, ఉంటే ఆటో. చార్మినార్ కట్టింది 1591లో, నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. పిల్లలతో తీసివేత చేయించండి. 298 ఏళ్లు ఈ కట్టడానికి గడియారం లేదు. పొద్దున రాసిన 1889 ఇక్కడ మళ్లీ వచ్చిందని వాళ్లే కనిపెట్టాలి, మీరు చెప్పేయొద్దు. నాలుగు వైపులా తిరిగి, నాలుగూ ఒకే టైమ్ చూపిస్తున్నాయా అని రాయించండి. మెట్లు ఇరుకు, మెలికలు, 149 ఉంటాయి. గడియారాలు కిందనుంచే బాగా కనబడతాయి, ఎక్కాలా వద్దా అన్నది పిల్లల మోకాళ్లని అడిగి తేల్చుకోండి.

అక్కణ్ణించి లాడ్‌బజార్ గాజుల దుకాణాల మధ్యలోంచి పడమటికి నడిస్తే మహబూబ్ చౌక్ గడియార స్తంభం వస్తుంది. 1892లో అప్పటి హైదరాబాద్ ప్రధాని ఆస్మాన్ జా కట్టించారు. ఎవరినైనా దారి అడిగితే ముర్గీ చౌక్ అనండి, చప్పున చెబుతారు.

9. వాచ్ రిపేరు దుకాణం ఒకటి వెతకండి. పాతబస్తీలోనే కాదు, మీ వీధిలోదైనా సరే. జనం లేని వేళ చూసి, ముందు ఏదైనా పని ఇవ్వండి, బెల్టు మార్పించండి, సెల్లు వేయించండి. ఊరికే వింత చూపించమని అడిగితే ఎవరికైనా విసుగే. పని అవుతుండగా తాతయ్య వాచీ ఇచ్చి, వెనక మూత తీసి పిల్లకి చూపిస్తారా అని అడగండి. మేము వెళ్లిన షాపులో పెద్దాయన కంటికి పెట్టుకునే భూతద్దం తీసి మా అమ్మాయికి ఇచ్చాడు. "మీద ఊపిరి విడవకు బేటా, లోపల దుమ్ము పడుతుంది" అన్నాడు. అది ఊపిరి బిగబట్టి, అటూ ఇటూ ఊగుతున్న చిన్న చక్రాన్ని చూస్తూ ఉండిపోయింది. హెచ్‌ఎమ్‌టీ జనతా లాంటి కీ వాచీలో ఆ టిక్కులు సెకనుకి ఐదు. పక్కనే సెల్లు వాచీ పెట్టి సెకన్ల ముల్లు చూడమనండి. అది సెకనుకి ఒక్క గెంతు వేస్తుంది, కీ వాచీలో ముల్లు జారుతున్నట్టే పోతుంది. ఇంట్లో మీరే మూత తీసే సాహసం చేయకండి. తెరవడం తేలికే, సరిగా మూయడమే కష్టం.

10. ఓపిక ఉంటే చౌమహల్లా, లేకపోతే మొజంజాహీ మార్కెట్. చౌమహల్లా ప్యాలెస్ ద్వారం మీది ఖిల్వత్ గడియారానికి వారానికోసారి కీ ఇస్తారు. పొద్దున తాతయ్య వాచీకి కీ ఇచ్చిన పిల్లకి ఆ మాట చెప్పండి. సాయంత్రం ఐదుకి మూసేస్తారు కాబట్టి మూడున్నరకల్లా చేరాలి. నడవలేమంటే నేరుగా మొజంజాహీ మార్కెట్‌కి వచ్చేయండి. 1935 నాటి రాతి కట్టడం, పైన గడియారం, కింద ఐస్‌క్రీమ్. సీతాఫలాల కాలమైతే ఆ ఐస్‌క్రీమే అడగండి. లెక్కలన్నీ అక్కడే కూర్చుని సరిచూసుకోవచ్చు.

ఎక్కడ చెడుతుంది

మా దగ్గరా, నన్ను అడిగినవాళ్ల దగ్గరా చెడింది ఎక్కువగా మూడు చోట్ల. ఒకటి, గడియారాలు ఎక్కువ పెట్టుకోవడం. ఊళ్లో ఇంకా ఉన్నాయి, నిజమే, ఐదు దాటాక పిల్లలకి అన్నీ ఒక్కలాగే కనబడతాయి. రెండు, పెద్దవాళ్లు గైడ్ అవతారం ఎత్తడం. నిజాముల వంశవృక్షం చెప్పడం మొదలుపెట్టానంటే మా అమ్మాయి వాచీ చూసుకుంటుంది. మూడు, ఇంటి దగ్గరి పనులు ఎగ్గొట్టి నేరుగా బయల్దేరడం. నాకు అడిగే చనువుంటే, చౌమహల్లా మానేయండి కానీ నీడ కొలవడం మానకండి అంటాను.

ఫలితం ఎలా చూసుకోవాలి

ఇంటికొచ్చాక పరీక్ష పెట్టకండి. పడుకునే ముందు ఒక్కటే అడగండి: "బస్సులో 48 నిమిషాలు పట్టింది, ఎన్ని గడియలు?" రెండు అని వెంటనే వస్తే గిన్నె పని చేసినట్టే. నోటుబుక్కులో కనీసం నాలుగు గడియారాల టైములు, వాచీతో తేడాలు ఉండాలి. తేడా ఉన్నచోట "గడియారం తప్పు" అని కాకుండా "ఎవరితో పోలిస్తే తప్పు?" అని పిల్ల అడిగిందంటే మీకు నేను చెప్పాల్సింది లేదు.

మర్నాడు పొద్దున అదే వేళకి తాతయ్య వాచీని ఫోన్‌తో పోల్చి తేడా రాయించండి. ఒకటి రెండు నిమిషాలు వెనకో ముందో ఉంటే పాత కీ వాచీకి అది మామూలే. ఐదు నిమిషాలు దాటితే లోపల నూనె ఎండిపోయి ఉండొచ్చు, సర్వీసింగ్‌కి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు పిల్లని కూడా తీసుకెళ్లండి, నోటుబుక్కుతో సహా. రోజుకి ఎంత తేడా వస్తోందో రాసి తెచ్చే గిరాకీలు ఆ షాపుకి ఎక్కువమంది రారు.